దూప తెలిసిన చేతులు

నారు పోసినవాడు నీరు పోయడా అని మనకో సామెత ఉంది. కష్టంలో ఉన్నవాళ్లకి ధైర్యం చెప్పేటప్పుడు పెద్దవాళ్లు వాడే మాట. ఇందులో నారు పోసేదీ నీరు పోసేదీ ‘వాడే’. పెరిగిన నారుని పీకి, నడుం వంచి మడిలో నాటేది స్త్రీలనీ, ఇంటి ముందు తులసికోటలో పొద్దున్నే చెంబుతో నీళ్లు పోసేది స్త్రీలనీ సామెతకి గుర్తు లేదు. సామెతలకే కాదు, చరిత్రకీ గుర్తు లేదు.

ఈ వ్యాసంలో నేను మాట్లాడబోయేది చాలా చిన్న విషయం. ఇంట్లో, గదిలో, కుండీలో పెంచే మొక్కకి నీళ్లు పోయడం, అది వాడిపోతే తిరిగి బతికించుకోవడం. ఇంత చిన్న పనికి చరిత్ర ఏమిటని అనిపించవచ్చు. వంటకి చరిత్ర ఏమిటి, పురుడు పోయడానికి చరిత్ర ఏమిటి అని ఒకప్పుడు అడిగినవాళ్లూ ఉన్నారు. అడిగినవాళ్ల నోళ్లు మూయించింది స్త్రీల చరిత్రకారులే. నీళ్లు పోయడం కూడా అలాంటి పనే. దానికి జ్ఞానం కావాలి, ఆ జ్ఞానం ఒకరి దగ్గర నుంచి ఒకరికి చేరాలి, చేరే దారిలో ఎవరి పేరు నిలిచింది, ఎవరి పేరు పోయింది అన్నది చూడాలి.

నేనుండేది హైదరాబాదులో, లక్డీకాపూల్ దగ్గర. పేరుకి కట్టె వంతెన. ఇప్పుడు కట్టె ఎక్కడా కనిపించదు, 2018 నుంచి తల మీద మెట్రో రైలు కూడా పోతోంది. ఒక పక్క రెడ్‌హిల్స్, నిలోఫర్ ఆస్పత్రి, ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రి, ఇంకో పక్క సైఫాబాద్, ఖైరతాబాద్. నడిచిపోగలిగే దూరంలో నిజాంల కాలపు బాగె ఆమ్, అంటే పబ్లిక్ గార్డెన్స్. ఈ ఊరికి తోటల మీద ఉన్న మోజు పేటల పేర్లలోనే తెలుస్తుంది. బషీర్‌బాగ్, జాంబాగ్, కుందన్‌బాగ్, బాగ్‌లింగంపల్లి. బాగ్ అంటే తోట. తోటలు చాలావరకు పోయాయి, పేర్లు బస్సుల బోర్డుల మీద మిగిలాయి. తోటలు పోయిన చోట అపార్ట్‌మెంట్లు లేచాయి. వాటి బాల్కనీల్లో, కిటికీ గట్ల మీద, సోఫాల పక్కన కుండీలు వెలిశాయి. ఆ కుండీల్లో చాలా మొక్కలు నెమ్మదిగా చనిపోతూ ఉంటాయి. ఎందుకు చనిపోతాయో తెలుసుకోవాలంటే ముందు ఈ ఊరి నీళ్ల గురించి చెప్పాలి.

హైదరాబాదు నీళ్ల చరిత్ర మనకి బాగానే తెలుసు. కుతుబ్‌షాహీల కాలంలో, 1562లో హుస్సేన్‌సాగర్. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేలమందిని మింగాక మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. 1965లో మంజీరా నీళ్లు, 2004లో వంద కిలోమీటర్లకి పైగా దూరం నుంచి కృష్ణా నీళ్లు, 2015 తర్వాత గోదావరి నీళ్లు వచ్చాయి. 1989లో ఏర్పడిన జలమండలి ప్రధాన కార్యాలయం మా ఇంటికి దగ్గర్లోనే, ఖైరతాబాదులో ఉంది. ఈ చరిత్రలో రాజులున్నారు, ఇంజనీర్లున్నారు, టీఎంసీలున్నాయి. కుళాయి దగ్గర నుంచి వంటింటి గట్టు దాకా, అక్కడి నుంచి మొక్క మొదలు దాకా ఉన్న ఆఖరి పదడుగులు మాత్రం లేవు. ఆ పదడుగులు నీళ్లు మోసింది ఎవరో మనకి తెలుసు. రోజు విడిచి రోజు కుళాయి వచ్చే ఇళ్లలో, అర్ధరాత్రి లేచి బిందెలూ డ్రమ్ములూ నింపింది ఎవరో కూడా తెలుసు.

మోసి తెచ్చుకున్న నీళ్లని ఎవరూ ఊరికే ఒలకబోయరు. అందుకే ఆ ఇళ్లలో మొక్కలకి దక్కేది ఒకసారి వాడిన నీళ్లు. బియ్యం కడిగిన నీళ్లు, పప్పు కడిగిన నీళ్లు, ఆకుకూర కడిగిన నీళ్లు. చేపలు కడిగిన నీళ్లు గులాబీకి, పుల్లబడిన మజ్జిగ కరివేపాకుకి. సబ్బు నీళ్లు అరటి మొదట్లోకి పంపేవాళ్లు కానీ తులసికి పోసేవాళ్లు కాదు. ఉప్పు కలిసిన నీళ్లు దేనికీ పోసేవాళ్లు కాదు. గంజి వార్చిన వెంటనే పొయ్యకూడదు, చల్లారాలి. ఇవన్నీ మన అమ్మలూ అమ్మమ్మలూ ఎక్కడా చదవలేదు. చేస్తూ చేస్తూ చూసి నేర్చుకున్నారు. ఈ పద్ధతిలో ఇంకో మేలు కూడా ఉంది. నీళ్లు కొంచెమే ఉంటాయి కాబట్టి ఏ మొక్కకి నిజంగా అవసరమో చూసి పోయాలి. చూడటం అనేది ఆ పనిలోనే కలిసి ఉండేది.

తులసి సంగతి వేరు. తులసికి రోజూ నీళ్లు పోయాలన్నది నియమం. ఆ నియమం ఆరుబయట, ఎండలో, నిండా మట్టి ఉన్న కోటలో పెరిగే మొక్కకి సరిపోయేది. నీళ్లు కిందికి దిగేవి, ఎండకి పై మట్టి మధ్యాహ్నానికి ఆరేది. అదే తులసిని మూడో అంతస్తులో, గ్రిల్లు వేసి సగం మూసేసిన బాల్కనీలో, అరచేతి లోతున్న కుండీలో పెట్టి, అదే చెంబుడు నీళ్లు రోజూ పోస్తే చలికాలం దాటేసరికి అది పోతుంది. ఇంటావిడ భక్తిలో లోపం ఏమీ లేదు. ఇల్లు మారింది, నియమం మారలేదు.

ఈ మాట మన పాత శాస్త్రాలే చెప్పాయి. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదానికి ఒక అధ్యాయం కేటాయించాడు. అందులో మొక్కలకి నీళ్లు పోసే క్రమం ఉంది. వేసవిలో పొద్దునా సాయంత్రమూ, చలికాలంలో రోజు విడిచి రోజు, వానాకాలంలో మట్టి ఎండినప్పుడు పోయాలి. మూడో నియమం గమనించండి. అక్కడ గడియారం లేదు, మట్టి ఉంది. సుమారు వెయ్యేళ్ల కిందట సురపాలుడనే వైద్యుడు వృక్షాయుర్వేదం పేరుతో 325 శ్లోకాల గ్రంథమే రాశాడు. మనుషుల్లాగే చెట్లకీ వాత పిత్త కఫాల వల్ల జబ్బులొస్తాయన్నాడు. కాలం కాని కాలంలో అతిగా తడిపితే కఫ రోగాలు వస్తాయన్నాడు. ఆయన పరిభాష ఈనాటి వృక్షశాస్త్రం కాదు. కానీ ఎక్కువ నీళ్లు కూడా ఒక జబ్బే అన్న గమనింపు ఈనాటికీ నిజమే.

సురపాలుడి గ్రంథం మనదాకా ఎలా వచ్చిందన్నది నాకు ఇంకా ఆసక్తికరమైన విషయం. దాని రాతప్రతి ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉంది. దాని నకలు తెప్పించి, ఇంగ్లీషులోకి అనువాదం చేయించి 1996లో అచ్చువేసింది మన సికింద్రాబాదులోని ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్. అనువదించింది సంస్కృత పండితురాలు నళినీ సాధలే. కృషి పరాశరాన్ని కూడా ఆవిడే అనువదించారు. అదే సంస్థ 2000లో దారా షికో పేరుతో ఉన్న పారశీక వ్యవసాయ గ్రంథం నుస్ఖా దర్ ఫన్నె ఫలాహత్‌ని అచ్చువేసింది. దాన్ని పారశీకం నుంచి తెచ్చింది రజియా అక్బర్. జంటనగరాల్లో సంస్కృతపు చెట్ల వైద్యాన్నీ పారశీకపు తోటల విద్యనీ ఈ కాలానికి అందించింది ఇద్దరు స్త్రీలన్నమాట. ఈ గ్రంథాల గురించి మాట్లాడేవాళ్లు సురపాలుడి పేరు చెప్తారు, దారా షికో పేరు చెప్తారు, ప్రాచీన విజ్ఞానం గొప్పదని ఉపన్యాసాలిస్తారు. అనువాదకుల పేరు అట్టమీద ఉంటుంది కానీ మాటల్లోకి రాదు. అనువాదం చేసే మనలో చాలామందికి ఇది కొత్త అనుభవం కాదు.

ఆ అనువాదాలు చదువుతున్నప్పుడు నన్ను ఒక ప్రశ్న వదల్లేదు. మట్టి ఎండినప్పుడు పోయమన్నారు సరే, మట్టి ఎండిందని చూసిందెవరు? రాజుల తోటల్లో, దేవాలయాల నందనవనాల్లో కడవలు మోసిన చేతులు ఎవరివి? పద్యం రాసినవాడు కడవ మోసి ఉండడు. మోసినవాళ్లు పద్యం రాసి ఉండరు. మధ్యలో ఎక్కడో ఆ జ్ఞానం ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారింది. మారేటప్పుడు పేరు రాలిపోయింది.

అయితే ఈ గ్రంథాలన్నీ నేలలో పెరిగే చెట్ల గురించి. గదిలో పెరిగే మొక్క వీటిలో లేదు. అది మనకి ఓడల మీద వచ్చింది. 1829లో లండన్‌లో నథానియెల్ వార్డ్ అనే డాక్టరు, మూత పెట్టిన గాజుసీసాలో పురుగు గూడుని దాచి చూస్తుంటే, అందులోని తడిమట్టిలోంచి ఒక ఫెర్న్ మొలిచింది. గాజు లోపలే ఆవిరి పైకి లేచి, నీరై, తిరిగి మట్టిలోకి దిగుతోంది. నీళ్లు పోయకుండానే మొక్క బతుకుతోంది. 1833లో ఆయన అలాంటి గాజుపెట్టెల్లో మొక్కలు పెట్టి లండన్ నుంచి సిడ్నీకి ఓడలో పంపాడు. నెలల తరబడి ప్రయాణం తట్టుకుని అవి బతికాయి. అంతకుముందు ఓడల మీద మొక్కలు ఉప్పుగాలికీ దాహానికీ చచ్చిపోయేవి. నావికులకే మంచినీళ్లు లెక్కగా ఇచ్చేచోట మొక్కలకెవరు పోస్తారు? ఈ పెట్టెల్లోనే రాబర్ట్ ఫార్చ్యూన్ 1840ల చివర చైనా నుంచి తేయాకు మొక్కల్ని భారతదేశానికి తరలించాడు. ఆ తర్వాత తేయాకు తోటల్లో ఎవరి చేతులు అరిగిపోయాయో వేరే చెప్పక్కర్లేదు.

ఇంగ్లండులో ఆ గాజుపెట్టె డ్రాయింగురూముల్లోకి వచ్చింది. బయటికి వెళ్లే వీల్లేని మధ్యతరగతి స్త్రీలకి ఫెర్న్‌లు పెంచడం తగిన వ్యాపకమైంది. 1840లో జేన్ లౌడన్ ఆడవాళ్ల కోసం తోటపని పుస్తకం రాసింది. తోట గురించి ఏమీ తెలియని స్థితి నుంచి మొదలై నేర్చుకున్న మనిషి కాబట్టి, తెలియనివాళ్లకి అర్థమయ్యేట్టు రాసింది. గదిలో మొక్క పెంచడమనే పనికి అచ్చులో ఉన్న చరిత్ర ఇలా ఓడ, సామ్రాజ్యం, గడప దాటని స్త్రీ, ఈ మూడింటి మధ్య మొదలైంది.

మన ఇళ్లలో గదిమొక్క అనగానే గుర్తొచ్చేది మనీప్లాంట్. దాని పుట్టిల్లు పసిఫిక్ మహాసముద్రంలో తాహితి పక్కనున్న మొరేయా ద్వీపం. 1880లో యూరప్ వృక్షశాస్త్రజ్ఞులు దానికి పేరు పెట్టారు. ఈ మొక్క దాదాపుగా పూయదు. పూతకి కావలసిన జిబ్బరెల్లిన్ హార్మోను దానిలో సరిగా తయారు కాదని 2016లో పరిశోధకులు కనిపెట్టారు. పూత లేదు, విత్తనం లేదు. అందుకని ఇంటింటా ఉన్న మనీప్లాంట్లు ఒక తీగ నుంచి తుంచిన ఇంకో తీగగానే వచ్చాయి. కొంటే కలిసిరాదని, అడగకుండా తుంచుకొస్తేనే డబ్బు వస్తుందని మన దగ్గర ఒక నమ్మకం కూడా ఉంది. పక్కింటావిడ ఇచ్చిన తీగ, ఆఫీసులో స్నేహితురాలు సీసాలో పెట్టుకొచ్చిన తీగ, చెల్లెలి అత్తారింటి నుంచి వచ్చిన తీగ. పేరులో డబ్బున్న ఈ మొక్క ఎక్కువగా డబ్బు లేకుండానే, ఆడవాళ్ల చేతుల మీదుగా ఊళ్లు తిరిగింది.

1980ల నుంచి ఈ ఊళ్లో అపార్ట్‌మెంట్లు పెరిగాయి. 1987లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం వచ్చింది. పెరడు పోయింది. సంపు, మోటారు, పైన ట్యాంకు వచ్చాయి. చాలా ఇళ్లలో నీళ్లు మోసే బాధ తగ్గింది. అది మంచిదే, నేను బిందెల కాలాన్ని తిరిగి రమ్మని అనడం లేదు. కానీ కుళాయి తిప్పితే నీళ్లొచ్చే ఇంట్లో మొక్కకి నీళ్లు పోయడం చూసి చేసే పని నుంచి తలచుకుని చేసే పనిగా మారింది. పొద్దున్న పాలు కాచడం, డబ్బాలు సర్దడం, మొక్కలకి నీళ్లు పోయడం. ఒక పని అయిపోయిందనిపించుకోవడం.

ఇక మొక్క ఎలా చనిపోతుందో చూద్దాం. వేళ్లు నీళ్లే కాదు, గాలి కూడా తీసుకుంటాయి. మట్టి రేణువుల మధ్య ఉండే సందుల్లోంచి వాటికి ఆక్సిజన్ అందుతుంది. ఆ సందులు ఎప్పుడూ నీళ్లతో నిండి ఉంటే ఆక్సిజన్ అందదు. గాలిలో కంటే నీటిలో అది పదివేల రెట్లు నెమ్మదిగా కదులుతుంది. ఊపిరాడని వేరు చనిపోతుంది, దానిమీద పిథియం, ఫైటోఫ్తోరా లాంటి సూక్ష్మజీవులు చేరతాయి. దీన్నే రైతులు వేరుకుళ్లు అంటారు. కుళ్లిన వేరు నీళ్లు పీల్చలేదు. అందువల్ల మట్టి తడిగా ఉన్నా ఆకులు వాలిపోతాయి, కింది ఆకులు పసుపుబారతాయి. చూసేవాళ్లకి అది దాహంలాగే కనిపిస్తుంది. పాపం వాడిపోయిందని ఇంకో చెంబు పోస్తారు. ప్రేమతోనే పోస్తారు. ఆ చెంబుతో అది పోతుంది.

మా అపార్ట్‌మెంట్‌లో నాలుగైదు ఇళ్లలో పని చేసే ఒకావిడ ఉంది. పాలమూరు వైపు మనిషి. నేను అక్కా అంటాను, నన్ను మేడం అనొద్దన్నా ఆవిడ మానదు. ఒకరోజు కింది ఫ్లాటు వాళ్లు ఊరెళ్తూ మా ఇంట్లో పెట్టిన పీస్ లిల్లీ తల వేలాడేసి ఉంది. నీళ్లు పోద్దామా అక్కా అన్నాను.

“దీనికి దూప లేదు మేడం. కుండి లేపి సూడుండ్రి, ఎంత బరువున్నదో.”

లేపి చూశాను. బరువుగానే ఉంది. ఆవిడ వేలు మట్టిలో గుచ్చి, బయటికి తీసి వాసన చూసింది.

“పోసినోళ్లు దూప సూడలే, టైమ్ సూసిన్రు” అంది.

దూప అంటే తెలంగాణలో దాహం. దాహానికీ వేళకీ మధ్య తేడా అంత సూటిగా చెప్పిన వాక్యం నేను చదివిన ఏ తోటపని పుస్తకంలోనూ లేదు. ఇంకా ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే నవ్వింది. ఊళ్లో బోరు దగ్గర నుంచి చిన్నప్పటి నుంచీ బిందెలు మోసిందట. నిండు బిందె, వెలితి బిందె నెత్తికి తెలియవా అంది. మొక్కల నర్సరీల వాళ్లు కూడా కుండీని లేపి బరువు చూసే నీళ్లు పోస్తారు. తడిసినప్పుడు ఎంత బరువుందో, ఎండినప్పుడు ఎంత బరువుందో చేతికి గుర్తుంటే చాలు, ఏ మీటరూ అక్కర్లేదు.

ఆ పీస్ లిల్లీని ఆవిడా నేనూ కలిసి బాగుచేశాం. ఆ పద్ధతి చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. ముందు నీళ్లు ఆపాలి. కుండీని పక్కకి వంచి, అడుగున తట్టి మొక్కని మట్టితో సహా బయటికి తీయాలి. వేళ్లు చూడాలి. తెల్లగానో లేత గోధుమ రంగులోనో గట్టిగా ఉంటే బతికున్నట్టు. నల్లబడి, పట్టుకుంటే తోలు ఊడి దారంలా మిగిలి, కంపు కొడుతుంటే కుళ్లినట్టు. కుళ్లినవాటిని శుభ్రమైన కత్తెరతో కత్తిరించాలి. వేళ్లు తగ్గాయి కాబట్టి పసుపుబారిన ఆకుల్ని కూడా తీసేయాలి. పాత మట్టి పారేసి, ఎర్రమట్టి, ఇసుక, కొబ్బరి పొట్టు, కొద్దిగా వానపాముల ఎరువు కలిపిన కొత్త మట్టిలో పెట్టాలి. కుండీ మిగిలిన వేళ్లకంటే కొంచెమే పెద్దదిగా ఉండాలి, అడుగున చిల్లు తప్పనిసరి. చిల్లు లేని అందమైన పింగాణీ కుండీలో అడుగున గులకరాళ్లు వేస్తే సరిపోతుందనుకుంటారు. సరిపోదు. నీళ్లు రాళ్లలోకి తేలిగ్గా దిగవు, రాళ్లపైన మట్టిలోనే నిలుస్తాయి. ఒకసారి తడిపి, సూటిగా ఎండ పడని వెలుతురులో పెట్టి వదిలేయాలి. అప్పుడే ఎరువు వేయకూడదు. జబ్బుమనిషికి పథ్యం పెడతాం కానీ విందు పెట్టం కదా. పైమట్టి వేలి మొదటి కణుపు లోతున ఎండాకే మళ్లీ నీళ్లు.

నిజంగా దూపతో వాడిపోయిన మొక్క వేరుగా ఉంటుంది. కుండీ తేలిగ్గా ఉంటుంది, ఆకుల అంచులు పెళుసుగా ఉంటాయి, మట్టి కుండీ గోడని వదిలేసి లోపలికి ముడుచుకుని ఉంటుంది. పైనుంచి పోసిన నీళ్లు ఆ సందులోంచి జారి బయటికి పోతాయి, వేళ్లకి అందవు. దాన్ని బకెట్‌లో కొద్దిగా నీళ్లు పోసి అరగంట కూర్చోబెట్టాలి. అడుగునుంచి తాగుతుంది. ఇంకో సంగతి, నీళ్లన్నీ ఒకటి కావు. బోరునీళ్లు ఎక్కువగా పోసే కుండీల అంచున తెల్లటి పొక్కు కడుతుంది. అది ఉప్పు. అప్పుడప్పుడూ వాననీళ్లో మంచినీళ్లో ధారాళంగా పోసి అడుగునుంచి కారిపోనివ్వాలి. ఫ్లోరైడు ఎక్కువున్న నీళ్లకి స్పైడర్ ప్లాంట్ ఆకుల కొసలు మాడిపోతాయి. ఫ్లోరైడు నీళ్లు ఎముకల్ని ఏం చేస్తాయో నల్లగొండ ప్రజలు తరాల తరబడి అనుభవించారు. ఆకు కొస చూసి నీళ్ల గుణం చెప్పగలిగే చూపు తేలికైంది కాదు.

ఇప్పుడు ఈ పనికి విలువెంత అన్న ప్రశ్న. కేంద్ర ప్రభుత్వం 2019లో చేసిన కాల వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపనులకి ఆ పనులు చేసే స్త్రీలు రోజుకి 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. ఆ సర్వే వాడిన అంతర్జాతీయ వర్గీకరణలో ఇంటి లోపలి, బయటి మొక్కల సంరక్షణ కూడా ఇంటిపనుల కింద ఒక అంశంగా ఉంది. కాబట్టి ఇది కాలక్షేపం కాదు, పనే. ఐక్యరాజ్యసమితి లెక్కలు ఒప్పుకున్న ఈ విషయాన్ని మన ఇళ్లు ఇంకా ఒప్పుకోలేదు. పనమ్మాయితో ఊడ్చడానికింత, అంట్లకింత, బట్టలకింత అని మాట్లాడుకుంటాం. మొక్కలకి నీళ్లు మాత్రం ‘ఎలాగూ వచ్చావు కదా’ కిందికి వస్తాయి. ఇంట్లో ఆడవాళ్ల పని దేని కిందికి వచ్చేదో, ఇంటికొచ్చి చేసే ఆడవాళ్ల పని కూడా దాని కిందికే వస్తోంది. ఈసారి ఆ మాట అనేది మనమే.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు చాలా అపార్ట్‌మెంట్లు పనివాళ్లని లోపలికి రానివ్వలేదు. మా దగ్గరా అంతే. కొందరు జీతం ఇచ్చారు, కొందరు ఇవ్వలేదు. ఆ నెలల్లో ఇంటినిండా మనుషులున్నారు, అందరికీ తీరికుంది, చాలామంది కొత్తగా మొక్కలూ తెచ్చుకున్నారు. చేతిలో ఫోను, ఫోనులో నీళ్లు పోయమని గుర్తుచేసే గంట. అయినా ఆ వేసవి చివర మా మెట్ల కింద ఖాళీ కుండీలు పేరుకున్నాయి. అక్క తిరిగొచ్చాక ఒక్కో కుండీ వంచి చూసింది. చాలావాటిలో మట్టి ఇంకా తడిగానే ఉంది. ఆవిడ లేని రెండు నెలలకి కొన్ని ఇళ్లు కోత పెట్టిన జీతం ఎంతో, ఆ పోయిన మొక్కలు కొన్న ఖర్చెంతో ఎవరూ పక్కపక్కన పెట్టి చూడలేదు.

మొక్కల మార్కెట్ ఆ తర్వాత ఇంకా పెరిగింది. గాలిని శుభ్రం చేస్తాయని, చూసుకోకపోయినా బతుకుతాయని నర్సరీ బోర్డుల మీద రాసి అమ్ముతున్నారు. గాలి మాటకి మూలం 1989లో నాసా చేసిన పరిశోధన. అది మూసిన చిన్న గదుల్లాంటి పెట్టెల్లో చేసింది. 2019లో ఇద్దరు అమెరికన్ పరిశోధకులు అలాంటి పరిశోధనలన్నీ సమీక్షించి, మామూలు ఇంట్లో ఆ ఫలితం రావాలంటే చదరపు మీటరుకి కనీసం పది మొక్కలు కావాలని, కిటికీ తెరిస్తే అంతకన్నా మేలని తేల్చారు. చూసుకోకపోయినా బతుకుతూ, మన గాలిని శుభ్రం చేస్తూ, మూల నిలబడి ఉండాలట. ఈ కోరిక మనకెక్కడో విన్నట్టే ఉంటుంది.

అబ్బూరి ఛాయాదేవి గారి ‘బోన్సాయ్ బ్రతుకు’ కథని ఈ పత్రిక పాఠకులకి పరిచయం చేయక్కర్లేదు. కుండీలో కత్తిరించి పెంచిన చెట్టులో ఆడపిల్లల పెంపకాన్ని చూపించిన కథ. ఆవిడ 2019లో మనల్ని వదిలి వెళ్లేదాకా, ఆ తర్వాత కూడా, తెలుగు స్త్రీవాద విమర్శలో కుండీ అనగానే మనకి బంధనమే గుర్తొచ్చింది. ఆ చదువు సరైనదే. దాంతో పాటు ఇంకో చదువు కూడా కావాలని నా అభిప్రాయం. ఆ కుండీకి నీళ్లు పోసేదెవరు? లోతు లేని బోన్సాయ్ తొట్టికి మన వేసవిలో రోజుకి రెండుసార్లు కూడా నీళ్లు అవసరమవుతాయి. ఒక్కరోజు చూడకపోతే చెట్టు పోతుంది. కుండీలో ఉన్నది స్త్రీ అయితే, కుండీ బయట చెంబు పట్టుకుని నిలబడింది కూడా స్త్రీయే. మనం మొదటి ఆవిడ గురించి రాసినంతగా రెండో ఆవిడ గురించి రాయలేదు.

ఆ రెండో ఆవిడకి మనం నేర్పిన ధర్మం ఏమిటంటే ఇస్తూ ఉండటం. పిల్లాడు తిన్నాడో లేదో చూడకుండా ఇంకో ముద్ద, భర్త అడక్కుండానే ఇంకో గరిటె, మొక్క వాడినా వాడకపోయినా ఇంకో చెంబు. ఎంత ఇస్తే అంత మంచి అమ్మ. ఈ ధర్మం ఇచ్చేవాళ్లని అరగదీస్తుంది, తీసుకునేవాళ్ల వేళ్లని కుళ్లబెడుతుంది. సంరక్షణ అంటే ఇవ్వడమే కాదు, చూడటం, కొన్నిసార్లు ఆగటం కూడా అని ఒక పీస్ లిల్లీ దగ్గర స్పష్టంగా తెలుస్తుంది. ఆగటం కూడా పనే. దానికీ నైపుణ్యం కావాలి. ఆ నైపుణ్యం పుట్టుకతో స్త్రీలకి వచ్చేది కాదు, బిందెలు మోసి మోసి నేర్చుకున్నది. కాబట్టి మగపిల్లలకీ నేర్పవచ్చు. కుండీ లేపి బరువు చూడటానికి మీసాలు అడ్డం రావు.

పరిశోధకులుగా మనం చేయగలిగింది ఒకటుంది. నళినీ సాధలే, రజియా అక్బర్ రాతప్రతుల్లోంచి ఒక జ్ఞానాన్ని బయటికి తెచ్చారు. రాతప్రతి లేని జ్ఞానం మన వంటిళ్లలో, మెట్ల మీద, బస్తీల్లో ఇంకా మాట్లాడుతూ తిరుగుతోంది. ఏ నీళ్లు ఏ మొక్కకి పోసేవాళ్లో మీ అమ్మనో అత్తగారినో అడిగి రాసుకోండి. మీ ఇంట్లో పని చేసే మనిషిని కూర్చోబెట్టి, టీ ఇచ్చి, ఆ సమయానికి కూడా డబ్బిచ్చి అడగండి. విన్నది ఆ మాటల్లోనే, ఆ యాసలోనే రాయండి. అచ్చువేసేటప్పుడు ఆవిడ ఒప్పుకుంటే ఆవిడ పేరుతో వేయండి. ఈ వ్యాసంలో అక్క పేరు లేదు, వద్దంది. తర్వాతి వ్యాసానికి ఆలోచించి చెప్తానంది. ఈలోగా మా మనీప్లాంట్ నుంచి కణుపు కిందికి తుంచి ఇచ్చిన తీగని, చింతల్‌బస్తీలో తన ఒంటిగది ఇంటి కిటికీలో, సీసాలో పెట్టుకుంది. వేళ్లొచ్చాయట.